బోర్డు రెండో కొస

మా తమ్ముడు ఇళ్ళలో స్లాబు కింద తెల్లని జిప్సం బోర్డులు బిగించే పని చేసేవాడు. ఫాల్స్ సీలింగ్ అంటారు. ఇప్పుడు చెయ్యడం లేదు. మానేశాడని అందరూ అంటారు గానీ అది సరైన మాట కాదు. మళ్ళీ ఆ బోర్డు పట్టుకోవాలని అతను ఎంత ఆశపడ్డాడో పక్కనే ఉండి చూసినవాణ్ణి నేను. అది రాయాలని చాలాసార్లు కూర్చుని లేచిపోయాను.

ఉద్యోగంలో చేరినప్పటి నుంచి నాకు డైరీ రాసే అలవాటుంది. వాన పడిందా లేదా, ఏ బండి ఆలస్యంగా వచ్చింది, ఇంటికి ఎవరొచ్చారు, అంతే. బాధలు రాయను. అందుకే ఆ రోజుల పుటలు తిప్పి చూస్తే ‘బొబ్బిలి వెళ్ళాను. ఎండ. తమ్ముడికి దెబ్బ తగిలింది’ అని మాత్రమే ఉంది. మిగిలినదంతా గుర్తు చేసుకుని రాస్తున్నాను.

నేను రైల్వేలో గూడ్స్ గుమాస్తాగా చేశాను. కొత్తవలసలో కొన్నాళ్ళు, ఆమదాలవలసలో కొన్నాళ్ళు. సరుకు దిగడం, పేర్చడం, ఎక్కడం చూస్తూనే నా సర్వీసంతా గడిచింది. రిటైరయ్యాక విజయనగరంలో ఇంట్లో కూర్చుని పేపరు మూడోసారి చదువుతుంటే తమ్ముడు వచ్చి, “అన్నయ్యా, నివ్వు కాళీగా కూకుని వదినని సంపేత్తన్నావట గదా. నా గొడౌను సూడు రాదేటి” అన్నాడు. లోపల్నుంచి మా ఆవిడ, “తీసుకుపో నాయనా, పుణ్యముంటుంది” అంది. అలా ఊరి చివర అద్దెకు తీసుకున్న అతని గొడౌనుకు వెళ్ళడం మొదలుపెట్టాను.

బోర్డులు విశాఖపట్నం నుంచి లారీలో వచ్చేవి. ఒక్కొక్కటి ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. చూడ్డానికి అట్టముక్కలా ఉంటుంది కానీ ఒక్కటి ఎత్తితే తెలుస్తుంది, రమారమి బియ్యం బస్తా బరువు. పైన కాగితం, లోపల సుద్దలాంటి పిండి. మూల నేలకు తగిలితే చితికిపోతుంది. తడి తగిలితే ఉబ్బుతుంది. ఇద్దరు రెండు కొసలూ పట్టుకుని మంచంలా పడుకోబెట్టి మోస్తే నడుమ దగ్గర వంగి ఫట్టుమంటుంది. అందుకని దాన్ని పక్కవాటుగా నిలబెట్టి, ఇద్దరూ ఒకే వైపున ఉండి, కింద ఒక చెయ్యి, పైన ఒక చెయ్యి వేసి మొయ్యాలి. అడుగులు కలవాలి. ముందున్నవాడు ఆగితే వెనకున్నవాడికి చెప్పకుండానే తెలియాలి.

నిల్వ చెయ్యడం ఇంకో పని. నేల మీద సమానమైన దూరాల్లో చెక్క దుంగలు వేసి, వాటి మీద బోర్డులు పడుకోబెట్టాలి. దుంగలన్నీ ఒకే మందం ఉండాలి, లేకపోతే పేర్చిన బోర్డులన్నీ ఒకే చోట వంగిపోతాయి. మరీ ఎత్తుగా పేర్చకూడదు. కిటికీకి దూరంగా ఉంచి, పైన ప్లాస్టిక్ పట్టా కప్పాలి. గోడకు నిలబెట్టి ఆన్చడం మాత్రం చెయ్యకూడదు. మరీ నిటారుగా ఆన్చితే ముందుకు పడతాయి. మరీ ఏటవాలుగా ఆన్చితే కాళ్ళ దగ్గర జారతాయి. ఏ వాలు సరిపోతుందో ఎవరూ ఖచ్చితంగా చెప్పలేరు. ఈ సంగతి తమ్ముడికి నాకంటే బాగా తెలుసు. వాడి గొడౌనులో ఏనాడూ ఒక్క బోర్డు నిలబడి ఉండగా నేను చూడలేదు.

వాడితో కలిసి బోర్డు మోసేది వాడి భార్యకు అన్న, మా చెల్లెలికి భర్త కూడా. ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు. నన్ను అతను పెద్దబావ అనేవాడు. నేనూ అతన్ని బావ అనే రాస్తాను. ఇద్దరిదీ ఒకే ఎత్తు. తమ్ముడు ముందు, బావ వెనక. ఇద్దరికీ పెళ్ళీడు పిల్లలున్నా బోర్డు చేతిలోకి వచ్చేసరికి కుర్రాళ్ళలా ఎగతాళి మొదలయ్యేది.

“ఏటి బావా, నీ కొస తేలిపోతన్నాది. పొద్దున్న అంబలి తాగినావా లేదేటి?” అనేవాడు బావ వెనక నుంచి.

“నీ కొస బరువెక్కినాదంటే అది బోర్డు బరువు కాదు. మా సెల్లి పెళ్ళిలో తిన్న లడ్డూల బరువు ఇంకా దిగనేదు నీకు.”

“మీ సెల్లి పెళ్ళికి నివ్వు నాకు లడ్డూ ఎట్టినావేటి? బూందీ ఎట్టినావు. అది కూడా అడిగితే ఎట్టినావు.”

నేను దుంగల మధ్య దూరం టేపుతో కొలుస్తుంటే, “పెద్దబావ ఈ బోర్డులకి జాతకాలు కూడా రాసేత్తాడు సూడు” అని బావ నవ్వేవాడు. తమ్ముడు, “ఆయన రాసినట్టు ఎట్టకపోతే నిద్దరోడురా ఆయన” అనేవాడు. ఇద్దరి మాటలూ వింటూ ఆ గొడౌనులో నాకు రోజులు తేలిగ్గా వెళ్ళిపోయాయి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ తమ్ముడితో అంతసేపు గడపలేదు నేను.

బొబ్బిలిలో ఒక వ్యాపారుల కుటుంబం కొత్త ఇల్లు కడుతోంది. ముందు వైపు దుకాణం, వెనక పెద్ద హాలు, రెండు పడకగదులు. హాలుకీ గదులకీ సీలింగ్ పని తమ్ముడు ఒప్పుకున్నాడు. బోర్డులు దింపేటప్పుడు నేనూ వెళ్ళాను. హాలు నేల అప్పటికే గట్టిపడింది. మధ్యలో దుంగలు వేసి, రెండు వరసలుగా పడుకోబెట్టి, పట్టా కప్పాం. బోర్డులు బిగించే ఇనప చానెళ్ళు కట్టలు కట్టి ముందు గదిలో పెట్టాం. అంతా పద్ధతిగా అయింది. తమ్ముడు చేతులు దులుపుకుని, “ఇంక దసరా దాకా ఇక్కడే మన కాపురం” అన్నాడు.

పని సగంలో ఉండగా ఇంటి యజమాని వచ్చాడు. మంచి మనిషి, గొంతు పెంచి మాట్లాడేవాడు కాదు. వచ్చినప్పుడల్లా పనివాళ్ళకు టీ తెప్పించేవాడు. ఆ రోజు మొహం ఇబ్బందిగా పెట్టుకుని తమ్ముడి పక్కన నిలబడ్డాడు.

“మేస్త్రీ, మూఢం వచ్చేస్తోంది. ఆ తరువాత నెలల తరబడి మంచి రోజులు లేవంటున్నారు పంతులుగారు. మా అమ్మకి ఒంట్లో బాగోలేదు. ఆమె బతికుండగా పాలు పొంగించేయాలని ఉంది.”

మా వైపు ఇది కొత్త సంగతి కాదు. ఇంటికి తలుపులు బిగించకపోయినా, రంగు వెయ్యకపోయినా, ముహూర్తం ఉంది కదా అని ముందు గృహప్రవేశం కానిచ్చేస్తారు. ఆ తరువాత మిగిలిన పని తీరిగ్గా చేయించుకుంటారు. నేనూ నా ఇంటికి అలాగే చేశాను.

తమ్ముడు తల ఊపి, “మంచిదే బాబూ. మరి ఓమం ఎక్కడ సేత్తారు?” అన్నాడు.

“హాల్లోనే కదా. ఈశాన్యం అటే ఉంది.”

హాలు నిండా బోర్డులే. గదుల్లోకి చేర్చుదామంటే అక్కడ టైల్స్ పని జరుగుతోంది. మేడ మీదికి ఎక్కిద్దామంటే వాన మబ్బు పట్టి ఉంది. దుకాణం గదిలో అప్పటికే వంటవాళ్ళు గిన్నెలు దింపారు. హాలు నుంచి వెనక్కి వెళ్ళే వసారా ఒకటే ఖాళీగా ఉంది. అది సన్నటిది. అందులో బోర్డులు పడుకోబెడితే మనిషి నడవడానికి దారి ఉండదు.

బావ వసారా అంతా ఒకసారి చూసి, “నిలబెట్టాల్సిందే బావా. ఇంకేటి సేత్తాం?” అన్నాడు.

తమ్ముడు నా వైపు చూశాడు. నేను, “సాయంత్రానికి మళ్ళీ పడుకోబెట్టేయండిరా” అన్నాను. “ఒక్క పూటకేగా” అని యజమాని అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు.

ముందు రోజు సాయంత్రం ఇద్దరూ ఒక్కొక్క బోర్డూ తెచ్చి వసారా గోడకు ఆన్చారు. కింద చెక్క అడ్డం పెట్టి జారకుండా చేశారు. పైన తాడు కడదామని తమ్ముడు చూశాడు గానీ, కొత్తగా పూత పూసిన గోడకు మేకు కొట్టనివ్వమని అడగడానికి మొహమాటపడ్డాడు.

గృహప్రవేశం రోజు పొద్దున్నే మేమంతా వెళ్ళాం. పనివాళ్ళను కూడా భోజనానికి పిలవడం ఆనవాయితీ. గుమ్మానికి మామిడాకులు కట్టారు. గడప మీద పసుపు. హాల్లో ముందు రోజు దాకా మా బోర్డులున్న చోట పెద్ద ముగ్గు. యజమాని తల్లి కుర్చీలో కూర్చుని అన్నీ చూస్తోంది. బక్కగా, తెల్లని జుట్టు, చేతిలో పాత వెండి కుంకుమ బరిణె. వచ్చిన ముత్తయిదువలకు ఆ బరిణెలోంచే బొట్టు పెట్టించింది.

ఆవును తెచ్చేసరికి నాకు మళ్ళీ వసారా సంగతి గుర్తొచ్చింది. ఆవునూ దూడనూ ముందు గుమ్మంలోంచి తోలి, హాలు దాటించి, వసారా గుండా వెనక గుమ్మంలోంచి బయటకు పంపాలి. ఆవు బెదిరి బోర్డులను రాసుకుంటే? తమ్ముడికీ అదే అనుమానం వచ్చింది. బావ చొక్కా చేతులు మడుచుకుని, బోర్డులకూ ఆవుకూ మధ్య తన వీపు అడ్డం పెట్టి నిలబడ్డాడు.

“ఒరే బావా, ఆవు నిన్ను పొడిసినాదంటే?” అన్నాడు తమ్ముడు.

“పొడిత్తే పొడిసినాది. గోమాత పొడిసినాదని మీ సెల్లి నాకు పూజ సేస్తాది. నివ్వెప్పుడు సేసినావు?”

ఆవు నెమ్మదిగా నడిచి వెళ్ళిపోయింది. దూడ మాత్రం బావ పంచె కొస నోటితో లాగింది. అందరూ నవ్వారు. నేను ఊపిరి పీల్చుకున్నాను. ఏదైనా జరిగితే అప్పుడే జరుగుతుందని అనుకున్నాను. అది దాటిపోయిందని అనుకున్నాను.

భోజనాలయ్యాక మేము బోర్డులు మళ్ళీ హాల్లోకి తేవడానికి సిద్ధమయ్యాం. యజమాని తల్లి చూసి చెయ్యి ఊపింది. “నాయనా, దీపం పెట్టిన ఇల్లు. ఇవేళ సామాను లాగొద్దు, నేల ఊడవొద్దు. రేపు పొద్దున్న చేసుకోండి.” పంతులుగారు కూడా అదే మంచిదన్నారు. దీపం తెల్లవార్లూ వెలగాలి, ఇంట్లో వాళ్ళు అక్కడే నిద్ర చెయ్యాలి. పెద్దావిడ మాట కాదనడానికి మాలో ఎవరికీ నోరు రాలేదు. తమ్ముడు వసారాలోకి వెళ్ళి కింది చెక్కను కాలితో ఒకసారి నొక్కి చూసి వచ్చాడు. నేను, తమ్ముడు, బావ ఆ ఊళ్ళోనే మా దూరపు బంధువుల ఇంట్లో పడుకున్నాం.

మర్నాడు పొద్దున్న అందరం సైటుకు వెళ్ళాం. బావ కొళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నాడు. నేను ముందు గదిలో చానెళ్ళ కట్టలు విప్పి చూసుకుంటున్నాను. పెద్దావిడ తమ్ముడితో మాట్లాడుతున్నట్టు వినిపించింది. కుంకుమ బరిణె కనబడటం లేదట. నిన్న వసారాలో కూర్చున్నప్పుడు చేతిలోంచి జారి బోర్డుల వెనక్కి దొర్లిందేమోనట. “మా అత్తగారిది నాయనా. వెండని కాదు” అంటోంది.

“ఉండమ్మా, నాను సూత్తాను గదా” అన్నాడు తమ్ముడు.

తరువాత ఏం చేశాడో ఆ పెద్దావిడా, టైల్స్ పనిచేసే ఒకతనూ చెప్పారు. బోర్డులను ఒక్కొక్కటే తీసి కింద పెట్టడానికి రెండో మనిషి కావాలి. బావ ఇంకా రాలేదు. ఒక బరిణె కోసం ఎందుకు ఆగడం అనుకున్నాడు కాబోలు. బయటి బోర్డును తన ఛాతీ మీదికి లాగుకున్నాడు. తరువాత రెండోది. పుస్తకంలో పుటలు తిప్పినట్టు ఒక్కొక్కటీ తన మీదికి ఒరగనిచ్చి, వెనక సందులోకి తొంగి చూశాడు. బరిణె కనబడింది. “ఉన్నాదమ్మా” అని కూడా అన్నాడట. ఇంకొక్క బోర్డు లాగేసరికి బరువంతా గోడను వదిలి అతని వైపు వచ్చేసింది.

నాకు వినిపించింది పెద్ద శబ్దం కాదు. ఎవరో చాప దులిపినట్టు ఒక గాలి శబ్దం, తరువాత నేల అదిరింది. నేను వెళ్ళేసరికి వసారాలో తెల్లటి దుమ్ము. తమ్ముడి తల, ఒక చెయ్యి బయట ఉన్నాయి. నడుము నుంచి కిందంతా బోర్డుల కింద. మొహం నిండా సుద్ద.

టైల్స్ పనివాళ్ళు పరుగున వచ్చి అందరూ కలిసి ఒక్కసారి ఎత్తబోయారు. కొద్దిగా లేచి మళ్ళీ దిగింది. తమ్ముడు అరిచాడు. అప్పుడు వచ్చాడు బావ, తడి కాళ్ళతో.

“ఒగ్గీండి! ఒగ్గీండిరా! ఒకేపాలి ఎత్తకండి!” అని వాళ్ళను పక్కకు తోసేశాడు. “ఒక్కొక్కటే తీయాల. పెద్దబావా, ఆ కొస అట్టుకో.”

నేను పట్టుకున్నాను. పై బోర్డు తీశాం. పక్కన పెట్టాం. ఇంకొకటి తీశాం. ప్రతి బోర్డు కిందా ఇంకో బోర్డు కనబడుతోంది. ఎంత తొందరపడినా ఒక్కొక్కటే తియ్యాలి. తమ్ముడు పళ్ళు బిగబట్టి స్లాబు వైపు చూస్తున్నాడు. బావ బోర్డు ఎత్తిన ప్రతిసారీ, “అయిపోనాది బావా, అయిపోనాది” అంటున్నాడు. అయిపోలేదు. ఆ వసారాలో ఎంతసేపున్నామో నాకు తెలియదు. నాలాంటివాడికి కూడా గడియారం చూడాలని తోచలేదు.

తొడ ఎముక, తుంటి ఎముక విరిగాయి. విజయనగరం తీసుకెళ్తే అక్కణ్ణుంచి విశాఖపట్నం పంపారు. రెండుసార్లు ఆపరేషన్ చేశారు. యజమాని ఆస్పత్రికి వచ్చి మా తమ్ముడి మంచం పక్కన తల వంచుకుని నిలబడ్డాడు. ఆయన తల్లి రాలేకపోయింది. ఆమె ఏడుస్తూనే ఉందని చెప్పాడు. తమ్ముడు, “అమ్మకి సెప్పండి బాబూ, ఆవిడేటి సేసినాది? నాను బావని కేకేసుంటే సరిపోయేది” అన్నాడు. వాడికి కోపం రాలేదు. వచ్చి ఉంటే మాకు కాస్త తేలికగా ఉండేదేమో.

ఇంటికి తెచ్చాక నెలల తరబడి మంచం మీదే ఉన్నాడు. నేను రోజూ పొద్దున్నే వెళ్ళి కూర్చునేవాణ్ణి. వాడు అడిగేది ఒకటే. “డాట్టరేటన్నాడు అన్నయ్యా? నాను మళ్ళీ బోర్డు అట్టుకోగలనా లేదా?” డాక్టరు నాతో చెప్పింది నడుస్తాడని మాత్రమే. బరువు గురించి అడిగితే, “చూద్దాం” అన్నారు. నేను వాడితో అదే చెప్పాను. ఆ ‘చూద్దాం’ అన్న మాటను వాడు ఎలా పట్టుకున్నాడంటే, వచ్చినవాళ్ళందరికీ, “సూద్దుం అన్నాడు డాట్టరు. కాదన్నేదు” అని చెప్పేవాడు.

నా మరదలు వంట చేస్తూ ఇవన్నీ వినేది. ఒకరోజు చట్టి దించి వచ్చి, “ఏటి, ఆ బోర్డు నీకు పెళ్ళామేటి? కాలు పోయినా కలవరింత పోనేదు” అంది. వాడు నవ్వి, “పెళ్ళాం అయితే ఇంత కలవరించను గదే” అన్నాడు. ఆమె కూడా నవ్వి వంటింట్లోకి వెళ్ళింది. చాలాసేపు బయటకు రాలేదు.

బావ సంగతి ఇంకోలా ఉంది. బొబ్బిలి పని వేరేవాళ్ళకు అప్పగించేశాడు. ఎవరు పిలిచినా బోర్డు మొయ్యడానికి వెళ్ళలేదు. ఆమదాలవలసలో ఒక బియ్యం మిల్లు గేటు దగ్గర కాపలాకు కుదిరాడు. పొద్దున్న రైలెక్కి వెళ్ళి, సాయంత్రం దిగి తిన్నగా తమ్ముడి ఇంటికి వచ్చేవాడు. “బావా, ఆ మిల్లోడు నాకు కుర్సీ ఇచ్చినాడు. కూకోలేక సస్తన్నాను. నివ్వు బేగి లెగు” అనేవాడు. ఇంకో మనిషిని చూసుకుని పని చేసుకోమని నేను చెప్పి చూశాను. “ఎవుడితో మోస్తాను పెద్దబావా? వాడి అడుగు వాడిది, నా అడుగు నాది” అన్నాడు. గొడౌనులో మిగిలిన బోర్డుల మీద పట్టా తీసి దుమ్ము దులిపి మళ్ళీ కప్పడం తప్ప నాకూ పని లేదు.

తమ్ముడు కర్ర పట్టుకుని నడవడం మొదలుపెట్టాడు. ముందు గదిలో, తరువాత వీధిలో. కాలు కొంచెం పొట్టి అయింది. ఒక పక్కకు ఒరిగి నడుస్తాడు. అయినా రోజురోజుకూ దూరం పెంచాడు. వీధి చివర టీ దుకాణం దాకా వెళ్ళి వచ్చిన రోజున నాకు ఫోన్ చేసి, “అన్నయ్యా, గొడౌను తాళం తీసి ఉంచు” అన్నాడు.

బావ మిల్లుకు సెలవు పెట్టి వచ్చాడు. మరదలికి చెప్పకుండా ఆటోలో తీసుకొచ్చాం. తమ్ముడు కర్ర గోడకు పెట్టి, పట్టా తానే తీశాడు. బోర్డు అంచు మీద అరచెయ్యి వేసి అటూ ఇటూ రాశాడు. చేతికి అంటిన తెల్లటి పొడిని లుంగీకి తుడుచుకోలేదు.

“ఎనక కొస తీసుకో బావా. ఎనక తేలిక” అన్నాడు బావ.

“నాను ఎప్పుడైనా ఎనక నడిసినానేటి? ముందే ఉంటాను.”

నేను వాడి పక్కనే నిలబడ్డాను. ఇద్దరూ వంగారు. కింద ఒక చెయ్యి, పైన ఒక చెయ్యి. బోర్డు పైకి లేచింది. చాలా తేలికగా, ఎప్పటిలాగే లేచింది. తమ్ముడి మొహంలో ఆ క్షణాన కనబడింది నేను చెప్పలేను. బావ వెనక నుంచి ఏదో ఎగతాళి అనబోయి ఆగినట్టున్నాడు. అడుగు వేశారు. మంచి కాలు పడింది. ఇంకో అడుగు వేశారు. విరిగిన ఆ కాలు వాడి బరువును మోసింది గానీ బోర్డు బరువును మోయలేకపోయింది. మోకాలు వంగింది. నేను వాడి నడుము పట్టుకున్నాను. బావ తన కొసను వదలకుండా బోర్డును అటు గోడ వైపు ఒంచేశాడు. ముందు మూల నేలకు తగిలి చితికింది. పొడి రాలింది.

“ఈ పాలి బోర్డుదే తప్పు. సచ్చు సరుకు” అన్నాడు బావ. ఎవరం నవ్వలేదు.

తమ్ముడిని దుంగల మీద కూర్చోబెట్టాను. నీళ్ళు తాగాడు. మళ్ళీ ప్రయత్నిద్దామని అనలేదు. పనివాడు కదా, చేతిలోకి వచ్చిన బరువు మొయ్యగలడో లేదో వాడికి ఇంకొకరు చెప్పనక్కర్లేదు. కాసేపటికి, “ఒగ్గీ బావా, ఇంటికి ఎల్దుం” అన్నాడు. బావ ఆ చితికిన బోర్డును ఒక్కడే ఈడ్చుకెళ్ళి మూలన పడుకోబెట్టాడు.

తరువాత కొన్నాళ్ళు తమ్ముడు గొడౌను మాట ఎత్తలేదు. బావ సాయంత్రాలు వస్తూనే ఉన్నాడు. మిల్లు గేటు దగ్గర కూర్చుని కూర్చుని నడుము పట్టేసిందని, మిల్లు యజమాని మేనల్లుడు తనను ఒరే అంటున్నాడని నవ్వుతూనే చెప్పేవాడు. తమ్ముడు వింటూ ఉండేవాడు. ఒక ఉదయం నన్ను పిలిచి, కూలీలు పనికోసం నిలబడే కూడలికి తీసుకెళ్ళమన్నాడు.

“అక్కడికెందుకురా?”

“బావకి మనిసిని సూడాల.”

నేను వాడి మొహంలోకి చూశాను. వాడు చెప్పుల్లో కాళ్ళు దూర్చుకుంటున్నాడు. “నా కాలు పోతే పోనాది. ఆడు కుర్సీలో కూకుని పోతన్నాడన్నయ్యా” అన్నాడు.

కూడలిలో టీ కొట్టు బల్ల మీద కూర్చుని వాడు మనుషుల్ని చూడటం మొదలుపెట్టాడు. మాట్లాడించకుండా ముందు నడకే చూశాడు. ఎత్తు సరిపోయినవాడు కనబడితే, “అలా నీళ్ళ టాంకు దాకా ఎల్లి రా” అనేవాడు. కొందరు పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి వెళ్ళిపోయారు. ఒకడు తొందరగా నడుస్తాడట. ఒకడు చెప్పులు ఈడుస్తాడట. రోజూ వెళ్ళేవాళ్ళం. చివరికి బొబ్బిలి వైపు నుంచి వచ్చిన ఒకతన్ని ఆపాడు. నడివయసు మనిషి. మాట తక్కువ. ధాన్యం బస్తాలు మోసిన భుజాలు.

బావ మొదట ఒప్పుకోలేదు. “నాకొద్దు బావా. సెప్పినాను గదా” అని లేచిపోబోయాడు.

“కూకో” అన్నాడు తమ్ముడు. వాడి గొంతు అంత గట్టిగా ఉండటం నేను అంతకుముందు వినలేదు. “నివ్వు మానేసినంత మాత్రాన నా కాలొస్తాదేటి? రాదు గదా. మరి ఇద్దరం కూకోడం దేనికి?”

బావ కూర్చున్నాడు. మా మరదలు టీ తెచ్చి ముగ్గురి ముందూ పెట్టి, ఎవరివైపూ చూడకుండా వెళ్ళింది.

విజయనగరంలోనే ఒక ఇంట్లో పని దొరికింది. బోర్డులు దింపే రోజున తమ్ముడు కూడా వచ్చాడు. హాల్లో దుంగలు నేనే కొలిచి వేశాను. లారీ గుమ్మానికి దూరంగా ఆగింది. కొత్తతను ముందు కొస, బావ వెనక కొస. మొదటి బోర్డు ఎత్తేటప్పుడు కొత్తతను అవతలి వైపుకు వెళ్ళి నిలబడ్డాడు.

“అటు కాదు, ఇటు! ఇద్దరూ ఒకే పక్కనుండాల” అని కేకేశాడు తమ్ముడు. “ఆ. కింద సెయ్యి మరికాస్త ఎనక్కెట్టు. ఇప్పుడెత్తు.”

ఎత్తారు. రెండు మూడుసార్లు అడుగులు తప్పాయి. బావ ఒక్క ఎగతాళి మాట కూడా అనలేదు. గేటు, మెట్లు, గుమ్మం దాటి లోపలికి వెళ్ళారు. బోర్డును దుంగల మీద పడుకోబెట్టిన శబ్దం మెత్తగా వినిపించింది. మళ్ళీ వచ్చారు. మూల తగలకుండా గుమ్మంలో తిప్పడం అతనికి ఇంకా రాలేదు. తమ్ముడు కర్ర మీద ఆనుకుని, ప్రతిసారీ ఆ మలుపు దగ్గర తన భుజం కూడా కొద్దిగా తిప్పాడు.

“వెళ్దామా?” అన్నాను.

“ఉండన్నయ్యా. లారీ కాళీ అవనీ.”

లారీ ఖాళీ అయ్యేసరికి ఆ ఇద్దరి అడుగులు కలిశాయి. మంచి మనిషినే ఏరాడు తమ్ముడు. బావ పట్టా కప్పి బయటకు వచ్చి, మా వైపు రాకుండా కొళాయి దగ్గరకు వెళ్ళి మొహం కడుక్కుంటూ ఉండిపోయాడు. నేను ఆటో పిలిచాను. ఎక్కేటప్పుడు తమ్ముడు నా భుజం పట్టుకుని సీట్లో కూర్చుని, కాలును రెండు చేతులతో ఎత్తి లోపల పెట్టుకున్నాడు.

ఇప్పటికీ బావ సాయంత్రాలు వస్తాడు. లుంగీకి తెల్లటి పొడి అంటుకునే ఉంటుంది. వానల గురించి, పిల్లల గురించి, మిల్లు యజమాని మేనల్లుడి గురించి మాట్లాడుకుంటారు. ఆ రోజు పని ఎక్కడో తమ్ముడు అడగడు, బావ చెప్పడు. గొడౌను తాళం తియ్యమని తమ్ముడు మళ్ళీ నాకు ఫోన్ చెయ్యలేదు.